తణుకులో దొరికిన పాత టవర్ స్పీకర్లు: ఫోం రాలిపోయింది, అడుగు ఉబ్బింది. బాగుపడతాయా?

వశిష్ఠతీరం (పాలకొల్లు) | జూన్ 12, రాత్రి 9:40

అందరికీ నమస్కారమండి. ఇన్నాళ్లూ చదువుకుని వెళ్లిపోయేవాణ్ణి, రాయడం ఇదే మొదలు.

మొన్న ఆదివారం గిన్నెల బీరువా కోసమని తణుకులో పాత సామాన్ల షెడ్డుకి వెళ్లాను. ఆ బీరువా వెనకాల నిలబడి ఉన్నాయి ఇవి. నేలమీద నిలబెట్టే టవర్ స్పీకర్లు, జత. ఎత్తు 38 అంగుళాలు. ఒక్కోదాంట్లో కింద లావు శబ్దానికి (బాసుకి) 8 అంగుళాల వూఫరు, మధ్యలో మధ్యస్థం శబ్దానికి 5 అంగుళాల మిడ్, పైన సన్న శబ్దానికి గుడ్డ డోము ట్వీటరు. 4,500 చెప్పాడు, 3,200కి ఇచ్చాడు. బీరువా కొనలేదు. ఇంట్లో ఆ పంచాయితీ ఇంకా నడుస్తోంది.

వెనక లేబుల్ ఎలకలు కొట్టేశాయి, "8 ఓం" అన్న ముక్క మాత్రం మిగిల్చాయి. అందుకని కంపెనీ ఏదని అడక్కండి. 2022 జూలై వరద తర్వాత గోదావరి మధ్య ఓ లంక ఊరి ఇంట్లోంచి వచ్చాయని షెడ్డాయన అన్నాడు. నిజమే అయ్యుంటుంది, రెండిటికీ అడుగు నాలుగు వేళ్ల మేర నానిన అటుకుల్లా ఉబ్బి ఉంది. వూఫర్ల చుట్టూ ఉండే ఫోం రింగు ముట్టుకుంటే చాలు, నల్లగా జిగురుగా వేళ్లకి అంటుకుని రాలిపోతోంది. ఎడమ పెట్టెలో ట్వీటరు మూగది. కుడి పెట్టెలో వూఫరు గరగరమంటోంది.

నాకు టంకం పెట్టడం వచ్చు, అంతకు మించి రాదు. వీటి మీద డబ్బు పెట్టొచ్చా, లేకపోతే బీరువా తెచ్చేసుకుని నోరు మూసుకోనా?

బెజవాడ_బాస్ (విజయవాడ) | జూన్ 12, రాత్రి 10:05

బ్రో, ట్వీటర్లు రెండూ పీకేసి టైటానియం డోమ్‌వి వెయ్. వూఫర్లు కొత్తవి. క్రాసోవర్ (లావు, సన్న శబ్దాల్ని విడదీసి పంచేది) రెడీమేడ్ బోర్డు దొరుకుతుంది. పెట్టెలు కూడా కొత్తగా చేయించెయ్.

గోదారమ్మాయి (రాజమండ్రి) | జూన్ 12, రాత్రి 10:11

@బెజవాడ_బాస్ మరి పాతవాటిలో మిగిలేదేంటండీ, ఎలకలు వదిలేసిన ఆ "8 ఓం" ముక్కా?

ఎనిమిది_ఓంలు (కాకినాడ) | జూన్ 13, ఉదయం 6:20

వశిష్ఠతీరం గారూ, ఏదీ కొనకండి. ఈ వారం మీ ఖర్చు సున్నా. మల్టీమీటరు ఉంటే చాలు.

పెట్టెల్లోంచి ఆరు డ్రైవర్లూ (వూఫర్లు, మిడ్‌లు, ట్వీటర్లు) బయటికి తీయండి. తీసేముందు ఏ టెర్మినల్‌కి ఏ రంగు వైరో ఫోటో తీసుకోండి (ఇది మర్చిపోయేవాళ్లే ఎక్కువ). వైర్లు విప్పేసి ఒక్కోదాని నిరోధం కొలవండి. 8 ఓంల స్పీకరు మీటరులో 8 చూపించదు, సుమారుగా అయిదున్నర నుంచి ఏడు మధ్య చూపిస్తుంది. 8 అనేది ఏసీకి (దిశ మారుతూ ఉండే కరెంటుకి) చెప్పే ఇంపిడెన్సు, అంటే దానికి ఎదురయ్యే అడ్డు. మీటరు కొలిచేది డీసీ నిరోధం. ఏమీ చూపించకపోతే కాయిల్ (కోను వెనకాల ఉండే తీగచుట్ట) తెగినట్టు. ఒకటీ రెండూ చూపిస్తే కాయిల్ కాలి చుట్లు కలిసిపోయినట్టు.

ఆ ఆరు అంకెలూ ఇక్కడ పెట్టండి. తర్వాత మాట్లాడుకుందాం.

మైకుసెట్టు_బాబాయ్ (రాజోలు) | జూన్ 13, ఉదయం 8:50

ఆయ్. మాస్టారు చెప్పింది నిజమండి. మా కొట్టుకి వచ్చే వాటిలో సగం స్పీకరు పాడు కాదు, వైరు పాడు. 

నాకు 66 ఏళ్లు. పెళ్లిళ్లకీ తీర్థాలకీ మైకు సెట్టు తిప్పినవాణ్ణి. మా స్పీకర్లకి ఈ ఫోం పీడ లేదు, గుడ్డ మడతలుంటాయి, పాతికేళ్లయినా చెక్కుచెదరవు. ఇళ్లలో పెట్టుకునే స్పీకర్లకే ఈ ఫోం. బాసు మెత్తగా వస్తుందని పెడతారు, మన గాలికి పదిహేనేళ్లు దాటితే మినప్పిండి అయిపోద్ది.

(ఇది మనవణ్ణి. తాతయ్య చెప్తుంటే టైపు చేస్తున్నాను. తప్పులుంటే నావి.)

వశిష్ఠతీరం (పాలకొల్లు) | జూన్ 15, రాత్రి 10:30

కొలిచానండి. వూఫర్లు ఎడమ 6.1, కుడి 6.3. మిడ్‌లు 6.4, 6.2. ట్వీటర్లు ఎడమ 5.9, కుడి 5.8.

ఇక్కడే నాకు బుర్ర తిరిగింది. మూగదనుకున్న ఎడమ ట్వీటరు 5.9 చూపిస్తోంది. అంటే బతికే ఉందా?

లోపల ఎలక గూడు ఒకటి దొరికింది. గ్లాస్ ఊల్ అంతా తడిసి ఎండి అట్టకట్టింది. ఇంకో వింత. ఎడమ పెట్టె లోపలి చెక్క మీద పెన్సిల్‌తో "9-12-96" అని రాసుంది.

ఎనిమిది_ఓంలు (కాకినాడ) | జూన్ 15, రాత్రి 10:52

బతికే ఉంది. కాయిల్ బాగుంది కాబట్టి కరెంటు అక్కడిదాకా రావడం లేదంతే. క్రాసోవర్ బోర్డు చూడండి. ట్వీటరుకి వెళ్లే దారిలో వరుసగా ఒక కెపాసిటర్ ఉంటుంది, లావు శబ్దాన్ని ఆపి సన్నదాన్ని పంపేది అదే. రెండు పెట్టెల్లోవీ ఫోటో పెట్టండి.

టైటానియం ట్వీటర్ల డబ్బు మిగిలింది మీకు.

మైకుసెట్టు_బాబాయ్ (రాజోలు) | జూన్ 16, ఉదయం 7:15

ఆ తారీఖు చూసి కాసేపు మాట రాలేదు. 96 నవంబరు 6 రాత్రి తుఫాను. మా కోనసీమలో ఆ రాత్రి చూసినవాళ్లకి తారీఖు ఎవరూ చెప్పక్కర్లేదు. కొబ్బరిచెట్లు వరసలు వరసలుగా పడిపోయాయి. తర్వాత ఆర్నెల్లు నా కొట్లో పని అంతా తడిసిన రేడియోలు, టేప్‌రికార్డర్లు, ఆంప్లిఫయర్లు. కరెంటు లేదు, టంకం కడ్డీ బొగ్గుల కుంపట్లో కాల్చుకుని అతికేవాళ్లం. డబ్బులడగడానికి నోరొచ్చేది కాదు, వాళ్ల ఇంటి కప్పే లేదు మరి.

అంటే ఈ పెట్టెలు రెండుసార్లు మునిగి లేచాయన్నమాట.

గోదారమ్మాయి (రాజమండ్రి) | జూన్ 16, ఉదయం 9:02

బాబాయ్ గారూ, అది మీ రాతేనా ఏంటి?

మైకుసెట్టు_బాబాయ్ (రాజోలు) | జూన్ 16, ఉదయం 9:30

నాది కాదమ్మా. నా తొమ్మిదికి తోక మెలిక తిరుగుద్ది. పైగా నేను పెట్టెలోపల రాసేవాణ్ణి కాదు, బిల్లు మీదే రాసేవాణ్ణి, ఆ బిల్లులూ వసూలు కాలేదు.

వశిష్ఠతీరం (పాలకొల్లు) | జూన్ 17, రాత్రి 9:15

ఫోటోలు పెట్టాను చూడండి. కుడి పెట్టెలో ట్వీటరు దారిలో ఒకే కెపాసిటర్, మీద 4.7 అని, ఎన్‌పీ అని ఉంది. ఎడమ పెట్టెలో దాని స్థానంలో రెండు మామూలు కెపాసిటర్లు, ఒక్కోటి 10 మైక్రోఫారడ్, తల తల కలిపి టంకం పెట్టి ఉన్నాయి. వాటిలో ఒకదాని కాలు పచ్చగా చిలుము పట్టి తాకగానే విరిగిపోయింది.

ఎవరో తెలియక పెట్టారా ఇది?

బెజవాడ_బాస్ (విజయవాడ) | జూన్ 17, రాత్రి 9:20

😂😂 ఊళ్లో మెకానిక్కులు

ఎనిమిది_ఓంలు (కాకినాడ) | జూన్ 17, రాత్రి 10:40

నవ్వకండి సార్. అది చేసినాయనకి విషయం బాగా తెలుసు.

స్పీకరుకి వెళ్లేది ఏసీ. ప్లస్, మైనస్ ఉన్న మామూలు ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ అక్కడ పెడితే తిరగబడిన ప్రతి అర తరంగానికీ అది దెబ్బతింటుంది. అందుకని ఎన్‌పీ రకం, అంటే ధ్రువాలు లేనిది కావాలి. అది చేతిలో లేనప్పుడు రెండు మామూలువి తీసుకుని నెగెటివ్‌కి నెగెటివ్ కలిపితే ధ్రువాలు లేనిదానిలా పనిచేస్తుంది. వరుసలో కలిపారు కాబట్టి విలువ సగమవుతుంది. 10, 10 కలిస్తే 5. కావలసింది 4.7. తేడా ఆరు శాతం. కెపాసిటర్ల మీద రాసిన విలువకీ లోపలి విలువకీ మధ్యే అంతకన్నా ఎక్కువ తేడా ఉంటుంది.

తుఫాను పోయి నెల. బజార్లో ఎన్‌పీ కెపాసిటర్ అడిగితే ఎవరి దగ్గర ఉంటుంది? ఉన్న రెంటితో పని జరిపించాడు. 2022లో నీళ్లు తగిలి కాలు తుప్పు పట్టేదాకా, పాతికేళ్ల పైన పాడింది ఆ ట్వీటరు. క్లాసులో పిల్లలకి చూపిస్తాను, ఆ బోర్డు ఫోటో వాడుకోవచ్చా?

వశిష్ఠతీరం (పాలకొల్లు) | జూన్ 17, రాత్రి 10:48

తప్పకుండానండి. ఆ రెండు కెపాసిటర్లనీ పారేయబుద్ధి కావడం లేదు, డబ్బాలో పెట్టాను.

ఎనిమిది_ఓంలు (కాకినాడ) | జూన్ 18, ఉదయం 6:05

ఇప్పుడు కుడి పెట్టెలోని కెపాసిటర్ విలువ కూడా కొలవండి. ఒక కాలు బోర్డునుంచి విప్పి కొలవాలి, లేకపోతే బోర్డు మీది కాయిల్ దారిలో మీటరు మోసపోతుంది.

వశిష్ఠతీరం (పాలకొల్లు) | జూన్ 18, రాత్రి 8:55

6.3 చూపిస్తోంది!

ఎనిమిది_ఓంలు (కాకినాడ) | జూన్ 18, రాత్రి 9:30

చూశారా, పాడుతున్న పెట్టెలోది అసలు కంపెనీ కెపాసిటర్, దారి తప్పింది అదే. పాత ఎలక్ట్రోలిటిక్‌లు ఇలా పైకి జరగడం మామూలే. లెక్కకి ట్వీటరుని 8 ఓంలు అనుకుని, ఫిల్టరులో ఆ కెపాసిటర్ ఒక్కటే ఉందనుకుంటే, 4.7 దగ్గర కోత (అంతకన్నా లావు శబ్దం ట్వీటరుకి తగ్గిపోయే చోటు) 4,200 హెర్ట్జ్ చిల్లర. 6.3 అయితే 3,150కి దిగిపోతుంది. మీ బోర్డులో కాయిల్ కూడా ఉంది కాబట్టి అసలు అంకెలు వేరు, దిశ మాత్రం అదే. ట్వీటరు మొయ్యకూడని బరువు మోస్తోంది. "స" అక్షరం గుచ్చుకుంటున్నట్టు వినిపిస్తే ఒక కారణం ఇది.

ట్వీటర్ల దారిలో రెండింటికీ 4.7 పాలీప్రొపిలీన్ ఫిల్మ్ కెపాసిటర్లు వేయండి, 100 వోల్టులు చాలు, 250వి దొరికినా ఫర్వాలేదు. ఒక పెట్టెకి మార్చి ఇంకోదానికి వదిలేయొద్దు. వూఫరు వైపు ఉన్న పెద్ద విలువ కెపాసిటర్లకి ఫిల్మ్ అక్కర్లేదు, కొత్త ఎన్‌పీ ఎలక్ట్రోలిటిక్ వేస్తే సరిపోతుంది. బోర్డు మీది రాగి కాయిల్స్ జోలికి పోవద్దు, అవి ముసలివి కావు.

ఒక మాట. పాత ఎలక్ట్రోలిటిక్‌లో కొంత లోపలి నిరోధం ఉంటుంది, ఫిల్మ్‌లో దాదాపు ఉండదు. అందుకని కొత్తవి వేశాక ట్వీటరు కాస్త ముందుకొచ్చినట్టు ఉండొచ్చు. వారం విని, చికాకు అనిపిస్తే అర ఓం సిమెంటు రెసిస్టరు వరుసలో పెట్టండి.

బెజవాడ_బాస్ (విజయవాడ) | జూన్ 18, రాత్రి 9:41

కెపాసిటర్ అంటే ఇంపోర్టెడ్ ఆయిల్‌వే బ్రో. ఒక్కోటి 6 వేలు. తేడా నీకే తెలుస్తుంది.

గోదారమ్మాయి (రాజమండ్రి) | జూన్ 18, రాత్రి 9:50

జత 3,200. కెపాసిటర్లు 12 వేలు. ఆవు కన్నా మెడలో గంట ఖరీదెక్కువ.

నరసాపురం_టు_హ్యూస్టన్ | జూన్ 19, ఉదయం 7:10

ఫోం రింగులు నేను పంపగలను. ఇక్కడ ఈ కిట్లు సులువుగా దొరుకుతాయి, ఆగస్టులో అమ్మావాళ్ల దగ్గరికి వస్తున్నాను. కొలతలు కావాలి. రింగు బయటి అంచు, లోపలి అంచు, మధ్య ఉబ్బు వెడల్పు. 8 అంగుళాలు అంటే సరిపోదు, 8 అంగుళాల వూఫర్లకి బోలెడు సైజులు.

మీరు లంక అంటే గుర్తొచ్చింది. 86 ఆగస్టు వరదకి నాకు ఏడేళ్లు. గట్టు మీద రెండు రాత్రులు ఉన్నాం.

గోదారమ్మాయి (రాజమండ్రి) | జూన్ 19, ఉదయం 8:00

ఆగస్టుదాకా ఆగక్కర్లేదండి. నేను పోయినేడు మా నాన్న స్పీకర్లకి చెన్నై రిచీ స్ట్రీట్‌నుంచి కొరియర్ తెప్పించాను. రెండు రింగులకి 700 అయింది. హైదరాబాదు కోఠీలో గుజరాతీ గల్లీలో కూడా అడగొచ్చు.

నేను చేసిన తప్పులు చెప్తాను, మీరు చెయ్యకండి. పాత జిగురు ఊడదీయడానికి మొదట థిన్నరు వాడాను. కాగితం కోను మీది పూత కరిగి చారలు పడింది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, చెవిలో పెట్టుకునే దూది పుల్లలతో ఓపిగ్గా తుడవాలి. ఒక్కో వూఫరుకి రెండు గంటలు పట్టింది, మధ్యలో సగం సీరియల్ చూశాను. ఇంకో తప్పు, మొదటి రింగుని ఫెవిక్విక్‌తో అతికించాను. గాజులా బిగుసుకుపోయి ఫోం అక్కడే చిట్లింది. ఆ 350 గోదాట్లో కలిసింది.

రెండోసారి తెల్ల ఫెవికాల్. మెల్లగా ఆరుతుంది, తప్పు జరిగితే జరుపుకోవచ్చు. ఎస్‌ఆర్ రకం, అంటే చెప్పులకీ సన్‌మైకాకీ వాడే పసుపు జిగురు, రెండువైపులా రాసి తాకించగానే పట్టేస్తుంది. చెయ్యి తిరిగినవాళ్లకే అది.

వశిష్ఠతీరం (పాలకొల్లు) | జూన్ 19, రాత్రి 9:20

హ్యూస్టన్ గారూ, మీ మాటే చాలండి, మనసు నిండింది. చెన్నైకి ఆర్డరు పెట్టేశాను. రబ్బరు రింగులు కూడా ఉన్నాయన్నాడు, అవి ఎక్కువ కాలం ఉంటాయట. వెయ్యొచ్చా?

ఎనిమిది_ఓంలు (కాకినాడ) | జూన్ 19, రాత్రి 9:58

రబ్బరు మన తేమకి మంచిదే కానీ ఫోం కన్నా బరువు, బిగువూ వేరు. కోను బరువుని, ఆ రింగు సాగుడుని, పెట్టె లోపలి గాలిని కలిపి లెక్కేసి పోర్టు (పెట్టెకి ఉండే గాలి రంధ్రం) గొట్టం పొడవు నిర్ణయించి ఉంటారు. థీల్ అనే ఆయన 1961లో ఆస్ట్రేలియాలో ఈ లెక్కకి దారి వేశాడు, తర్వాత స్మాల్ అనే ఇంకో ఆయన దాన్ని పూర్తి చేశాడు. ఫోం ఉన్నచోట ఫోమే వేయండి. ఇంకో పదిహేనేళ్లు వస్తుంది, అప్పటికి మళ్లీ ఇక్కడే రాద్దురు గాని.

వశిష్ఠతీరం (పాలకొల్లు) | జూన్ 26, రాత్రి 10:15

రింగులు వచ్చాయి. కుడి వూఫరు మాత్రం భయపెడుతోంది. పాత ఫోం పూర్తిగా తీసేశాక కూడా, కోనుని రెండు బొటనవేళ్లతో సమంగా నొక్కితే ఇసకలా గరగర.

మైకుసెట్టు_బాబాయ్ (రాజోలు) | జూన్ 27, ఉదయం 7:40

గ్యాపులో తుప్పు. నీళ్ల తేమకి అయస్కాంతం మధ్య ఇనప కడ్డీ తుప్పు పట్టి, ఆ పొడి కాయిల్‌ని గీకుతోంది. దానికి మందు ఉంది.

మధ్యలో గుండ్రటి టోపీ ఉంది చూడండి, డస్ట్ క్యాపు, దాన్ని కొత్త బ్లేడుతో అంచు వెంబడి కోసి పైకి లేపండి. మొత్తం తీయకండి, మూతలా తెరవండి. లోపల సందు కనపడుద్ది. పెయింటర్లు వాడే కాగితం టేపు జిగురువైపు బయటికొచ్చేలా మడిచి ఆ సందులోకి దించి పైకి లాగండి. తుప్పు అంటుకుని వస్తుంది. పది పదిహేనుసార్లు చెయ్యాలి. ఊదకండి, ఊదితే లోపలికి పోద్ది. ఇనప పిన్నులు, స్క్రూడ్రైవర్లు దగ్గరికి తేవద్దు, అయస్కాంతం లాక్కుని కాయిల్‌ని కోసేస్తుంది.

టోపీ తెరిచారు కాబట్టి ఇంకో లాభం. పాత ఎక్స్‌రే ఫిలింని పుల్లల్లా కత్తిరించి కాయిల్‌కీ కడ్డీకీ మధ్య నాలుగువైపులా దోపండి. కాయిల్ సరిగ్గా నడుమ నిలబడుద్ది. అప్పుడు రింగు అతికించి, ఆరాక పుల్లలు లాగేసి, టోపీ మూసి అతికేయండి. మా ఊళ్లో విరిగిన కాళ్లకన్నా నా కొట్లో ఎక్స్‌రేలు ఎక్కువ.

(మనవణ్ణి: తాతయ్య దగ్గర నిజంగానే ఒక సంచి ఉంది. అందులో మా నానమ్మ మోకాలు కూడా.)

గోదారమ్మాయి (రాజమండ్రి) | జూన్ 27, ఉదయం 9:12

నేను టోపీ కొయ్యకుండా చేశాను. ఫోనులో 30 హెర్ట్జ్ టోను ఆంప్లిఫయరు ద్వారా చిన్నగా పెట్టి, జిగురు పచ్చిగా ఉండగానే కోను గరగరలాడకుండా జరుపుకుంటూ. శుభ్రంగా ఉన్న వూఫరుకి అది బాగుంటుంది. ఎడమదానికి అలా, కుడిదానికి బాబాయ్ గారి పద్ధతి చెయ్యండి.

వశిష్ఠతీరం (పాలకొల్లు) | జూలై 1, రాత్రి 11:05

తుప్పు వచ్చిందండి, టేపు మీద కుంకుమ రాసినట్టు. పన్నెండుసార్లకి గరగర పోయింది. ఫిలిం పుల్లలకి మా పెద్దాడి చెయ్యి విరిగినప్పటి ఎక్స్‌రే వాడాను.

రింగులు అతికించి రెండు రోజులైంది. ముసురు పట్టింది ఇక్కడ, ఫెవికాల్ ఇంకా తెల్లగానే ఉంది. హెయిర్ డ్రయ్యరు పెట్టనా?

మైకుసెట్టు_బాబాయ్ (రాజోలు) | జూలై 2, ఉదయం 6:50

వద్దు. వేడికి ఫోం వంకర తిరుగుద్ది. మీ వైపు కోళ్ల ఫారాల్లో పిల్లలకి బల్బు పెడతారు కదా, అలాగే. అట్టపెట్టెలో వూఫరు పెట్టి, పైన జానెడు ఎడంగా 40 వాట్ల గుండు బల్బు వేలాడదీసి, పెట్టెకి రెండు బెజ్జాలు పెట్టండి. ఒక రాత్రి. మంచం పక్కనే పెట్టుకుని పడుకోండి, వదిలేసి ఊరెళ్లకండి.

వశిష్ఠతీరం (పాలకొల్లు) | జూలై 3, ఉదయం 7:30

పొదిగిందండి! జిగురు గాజులా పారదర్శకమైంది.

ఇక పెట్టెల అడుగు. మా వడ్రంగి మేస్త్రి వచ్చి చూసి, గోరుతో గిల్లి, "ఇది చెక్క కాదు బాబూ, రంపప్పొట్టు రొట్టె" అన్నాడు. పార్టికల్ బోర్డు అట. మొత్తం టేకుతో కొత్తవి చేసేస్తానంటాడు. మూడంగుళాల చిల్లర కింద కోసేస్తే మిగతాది గట్టిగానే ఉంది. కోసేసి పొట్టివి చేసుకుంటే నష్టమా?

ఎనిమిది_ఓంలు (కాకినాడ) | జూలై 3, రాత్రి 9:10

లోపలి కొలతలు చెప్పండి.

వశిష్ఠతీరం (పాలకొల్లు) | జూలై 3, రాత్రి 9:22

వెడల్పు 22 సెంటీమీటర్లు, లోతు 28, ఎత్తు 88.

ఎనిమిది_ఓంలు (కాకినాడ) | జూలై 3, రాత్రి 9:45

సుమారు 54 లీటర్లు. 8 సెంటీమీటర్లు పోతే 5 లీటర్లు తగ్గుతుంది. పోర్టు శ్రుతి ఘనపరిమాణపు వర్గమూలానికి విలోమంగా మారుతుంది కాబట్టి సుమారు అయిదు శాతం పైకి జరుగుతుంది. 40 హెర్ట్జ్ ఉన్నది 42 అవుతుంది. ప్రాణం పోదు. కానీ ఎందుకు పోగొట్టుకోవడం? కోసినంత ఎత్తులోనే 18 మిల్లీమీటర్ల మెరైన్ ప్లైవుడ్‌తో పైన తెరిచిన పెట్టె చేయించి కింద అతికించండి. లోపలి గాలి అంతే ఉంటుంది. ఈసారి నీళ్లొస్తే ప్లైవుడ్ కాసేపు ఓర్చుకుంటుంది.

టేకు అనవసరం. స్పీకరు పెట్టె వీణ కుండ కాదు, అది మోగకూడదు.

మైకుసెట్టు_బాబాయ్ (రాజోలు) | జూలై 4, ఉదయం 8:15

మాస్టారూ, చివరి మాట నా నోట్లోది లాగేసుకున్నారు. కింద తాటి దూలం ముక్కలు రెండు వేయించండి, నేలనుంచి మూడంగుళాలు లేస్తాయి. తాటికి చెద తొందరగా పట్టదు, చేవ ఉన్నదై ఉండాలి.

వశిష్ఠతీరం (పాలకొల్లు) | జూలై 12, రాత్రి 10:00

పెట్టెలు పూర్తయ్యాయి. తాటి దూలం మా పాత పశువుల పాకది. ఇప్పుడు లోపల నింపడానికి ఏం వెయ్యాలి? గ్లాస్ ఊల్ పారేశాను. మా అమ్మ బూరుగు దూది ఉందంటోంది, పరుపులోది. కొబ్బరి పీచు అయితే వీధి వీధికీ ఉంది.

గోదారమ్మాయి (రాజమండ్రి) | జూలై 12, రాత్రి 10:20

పీచు వద్దు, పొట్టు రాలి పోర్టులోంచి బయటికి వస్తుంది. బూరుగు దూది శబ్దానికి మంచిదే కానీ తేమ పీలుస్తుంది, పురుగు పడుతుంది, ఎలక గూటికి మళ్లీ మీరే సామాను ఇచ్చినట్టు. తలగడల్లో నింపే పాలియెస్టర్ దూది అరకిలో కొనండి. వెనక గోడకీ పక్కలకీ పలచగా, పోర్టు నోరు మాత్రం ఖాళీగా.

వశిష్ఠతీరం (పాలకొల్లు) | జూలై 14, సాయంత్రం 5:30

బిగించాను. పాట పెట్టాను. మా నాన్న దాచుకున్న నాదస్వరం రికార్డింగు ఉంది. ట్వీటర్లు రెండూ పాడుతున్నాయి, గరగర లేదు. కానీ... బాసు లేదు. డోలు మూత వేసి కొట్టినట్టుంది. పెద్దది చేస్తే కూడా అంతే. నెలరోజుల పని వృథానా? ఒక్కో స్పీకరు విడిగా పెడితే బాసు వస్తోంది. రెండూ కలిపితే మాయం.

ఎనిమిది_ఓంలు (కాకినాడ) | జూలై 14, సాయంత్రం 5:34

నవ్వుతున్నాను, క్షమించండి. ఆ చివరి వాక్యంలోనే జవాబు రాసేశారు.

గోడ గడియారం బ్యాటరీ తీసుకోండి, ఒకటిన్నర వోల్టులది. ప్లస్ స్పీకరు ఎర్ర టెర్మినల్‌కి, మైనస్ నల్లదానికి. ఒక్క క్షణం తాకించండి. వూఫరు ముందుకి రావాలి. రెండు పెట్టెలకీ చూడండి.

వశిష్ఠతీరం (పాలకొల్లు) | జూలై 14, సాయంత్రం 5:52

ఎడమది ముందుకి. కుడిది వెనక్కి.

ఎనిమిది_ఓంలు (కాకినాడ) | జూలై 14, సాయంత్రం 5:55

ఒకటి గాలిని తోస్తుంటే రెండోది లాగేస్తోంది. కుడి వూఫరు వైర్లు తారుమారు చేసి బిగించారు. ఫోటో తీసుకోమన్నాను మొదటి రోజే.

వశిష్ఠతీరం (పాలకొల్లు) | జూలై 14, సాయంత్రం 6:40

తీశానండి. చూడలేదు.

మార్చాను. డోలు ఇంట్లోకి వచ్చేసింది. మా నాన్న పక్క గదిలోంచి లేచొచ్చి కుర్చీ జరుపుకుని కూర్చున్నారు. ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోవడమే విశేషం.

మైకుసెట్టు_బాబాయ్ (రాజోలు) | జూలై 14, రాత్రి 8:00

ఆయ్. ఇంకో పని. పెద్ద బాసు ఉన్న పాట పెట్టి, వెలిగించిన అగరుబత్తి పొగని వూఫరు అంచుల చుట్టూ, కొత్త అడుగు అతుకు చుట్టూ తిప్పండి. పొగ వణికినచోట గాలి కారుతోంది. అక్కడ ఫోం టేపు వెయ్యండి. వాయించనప్పుడు పోర్టు నోటికి కొబ్బరి చిప్ప పెట్టండి, ఎలక రాదు. వాయించేటప్పుడు తియ్యడం మర్చిపోకండి, చిప్ప మీ మీదికి ఎగరదు కానీ బాసు మళ్లీ పోయిందని ఇక్కడ రాస్తారు.

భీమవరం_రాజు | జూలై 15, ఉదయం 10:02

జత ఎంతకిస్తారు సర్

వశిష్ఠతీరం (పాలకొల్లు) | జూలై 15, రాత్రి 9:00

రాజు గారూ, అమ్మనండి.

పొగ ఎడమ పెట్టె టెర్మినల్ దగ్గర వణికింది, టేపు వేశాను. ఖర్చు రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది. స్పీకర్లు 3,200. ఫోం రింగులు కొరియర్‌తో 820. కెపాసిటర్లు మొత్తం 640. ఆల్కహాల్, జిగురు, టేపు 310. ప్లైవుడ్, మేస్త్రి కూలి 2,400. పాలియెస్టర్ దూది 150. బీరువా కోసం దాచిన డబ్బులో 480 మిగిలింది. బీరువా 8 వేలు.

ట్వీటర్లు కొంచెం ముందుకొచ్చిన మాట నిజం, అర ఓం రెసిస్టరు ఇంకా పెట్టలేదు, ఇంకో నాలుగు రోజులు వింటాను. ఎడమ పెట్టెలో ఆ పాత పెన్సిల్ తారీఖు కింద ఈ రోజు తారీఖు వేశాను.

పై పలక నున్నగా ఉందని మా అమ్మ ఒక్కోదాని మీద ఒక్కో మనీప్లాంటు కుండీ పెట్టింది. చూడ్డానికి బాగున్నాయి.

మైకుసెట్టు_బాబాయ్ (రాజోలు) | జూలై 15, రాత్రి 9:06

ముందు ఆ కుండీలు దింపండి బాబూ.